ఎడమ ముంగాలు

పోయిన వారం మనం పెద్ద డాక్టరమ్మను, ప్రయోగాల ఎలుకలను పెంచే యానిమల్ హౌస్ రెండు తలుపుల నడుమ నిలబెట్టి వచ్చాము. ఒక పెద్దావిడను వారం పొడుగునా అలా నిలబెట్టడం మర్యాద కాదని ఒప్పుకుంటాను. కాని ఆ తలుపుల తీరే అటువంటిది. వెనుకది పూర్తిగా మూసుకుని, గోడ మీది చిన్న దీపం పచ్చగా వెలిగితే తప్ప ముందుది తెరుచుకోదు. బయటి గాలి, బయటి రోగం లోపలి ప్రాణులకు సోకకుండా చేసిన ఏర్పాటు అది.

ఆమె అక్కడికి రావడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి ఆఫీసుది. ఆమె తన సర్వీసంతా ధారపోసి పెంచిన తెల్ల ఎలుకల వంశం ఒకటి ఆ భవనంలో ఉన్నది. పక్షవాతం తరతరాలుగా దిగివచ్చే వంశం. మనుషుల్లో కొన్ని కుటుంబాలనే ఆ జబ్బు ఎందుకు వెంటాడుతుందో, పుట్టుకతో వచ్చేవాటిలో ఏది దాన్ని మోసుకొస్తుందో ఆ ఎలుకల్లో వెతకడం ఆమె పని. ఏటా ఒక జట్టుకు ఉప్పునీళ్లు తాగిస్తే, వాటిలో చాలావరకు కొద్ది నెలల్లోనే పడిపోయేవి. ఈ ఏడాది ఒక్కటీ పడలేదు. మేత మారింది కాబట్టి అలా జరిగిందని ఆ ప్రయోగశాల ఇప్పటి అధిపతి, ఒకప్పటి ఆమె శిష్యుడు, చెప్పాడు. ఆమెకు నమ్మకం కలగలేదు.

రెండవ కారణం ఇంటిది. చనిపోయిన అక్కగారి కూతురు, వంతెనలు కట్టే ఇంజనీరు, ఉద్యోగరీత్యా ఆమె ఇంట్లోనే ఉంటున్నది. ఆ అమ్మాయికి ఆఫీసు వైద్య పరీక్షలో రక్తపోటు ఎక్కువని తేలింది. తల్లి నడివయసులోనే పక్షవాతంతో పోయింది. ఆ ఉదయం రొట్టెకు వెన్న రాస్తూ ఆ పిల్ల, "సాయంత్రం అతన్ని కలిసి పెళ్లి వద్దని చెప్పేస్తాను పిన్నీ. నువ్వు చేసిన పనే నేనూ చేస్తున్నాను" అన్నది. ఏదో కూరగాయల బేరం సంగతి చెప్పినంత తేలికగా అన్నది. తన జీవితం ఇంకొకరి నోట ఒక ఉదాహరణగా వినబడితే మనిషి ఏమనగలదు?

దీపం పచ్చగా వెలిగింది. ఆమె లోపలికి అడుగుపెట్టింది.

గదిలో గాలి పంకాల హోరు, రంపపు పొట్టు వాసన, నీళ్ల సీసాల ఉక్కు ముక్కులను పళ్లు తాకుతున్న చిరు చప్పుడు. గోడల పొడుగునా అరలు, అరల నిండా పారదర్శకమైన పెట్టెలు, పెట్టెకు రెండేసి మూడేసి తెల్లని ప్రాణాలు. ఇక్కడ ఆమెను ఎవరూ పలకరించరు. అందుకే కాబోలు, ఇన్నేళ్లలో ఈ గదిలో ఎన్నడూ ఆమెకు ఒంటరితనం అనిపించలేదు. అది మనుషులు పలకరించుకునే చోటనే తెలిసివస్తుంది: లిఫ్టులో, మందుల దుకాణంలో, పక్కింటివారి మెట్ల మీద.

ఆమె నేరుగా చివరి అర దగ్గరకు వెళ్లి, గోడ పట్టుకుని మోకాళ్ల మీద వంగింది. నేలకు ఆనుకుని ఉండే ఆ అరను అందరూ 'పెద్దల అర' అనేవారు. ఆమె పద్ధతికంతటికీ పునాది ఆ అరే. పిల్లలను కని, ఈడు దాటిన జంటలను అందులో ఉంచి, వాటి ఆయువు తీరేవరకు మేపేవారు. అవి ఎలా పోతాయో చూసేవారు. పోయిన తరువాత మెదడు పరీక్షించి, నిజంగా పక్షవాతంతోనే పోయాయని తేలితేనే వాటి పిల్లల సంతతిని వంశంలో చేర్చుకునేవారు. లేకుంటే ఆ శాఖను అక్కడితో ఆపివేసేవారు. అంటే ప్రతి తరమూ తన ముందు తరం చావు కోసం ఆగవలసిందే. అది చాలా నిదానమైన పని. దానిని ప్రేమతో చేయడం మరీ కష్టం. ఆమె చేసింది.

ఆ అరను చూసి చూసి జబ్బు రాకను ముందే పసిగట్టడం ఆమెకు అలవడింది. పడిపోయే ఎలుక, పడిపోవడానికి కొంతకాలం ముందే, ఒక ముంగాలును పైకెత్తి వేలాడేస్తుంది. ఎత్తి దించుతుంది, మళ్లీ ఎత్తుతుంది, ఏదో అడగబోయి మొహమాటపడినట్లు. కొత్తగా చేరిన విద్యార్థులకు ఆమె తన ఎడమ చేతిని ఛాతీ దాకా ఎత్తి, మణికట్టు వంచి, వేళ్లు వదులుగా వేలాడేసి ఆ గుర్తు చూపించేది. వాళ్లు ఆమె ఎదుట గంభీరంగా తలలూపి, క్యాంటీనులో ఆమెను అనుకరించేవారు. అందరిలోకి బాగా అనుకరించేవాడు ఇప్పటి అధిపతే. ఎప్పుడూ తొందరలో ఉండేవాడు కనుక అతనికి 'స్టాప్‌వాచ్' అని పేరు పెట్టి తోటివాళ్లు అతన్నీ ఆటపట్టించేవారు.

ఆమె వంగి చూసింది. పెద్దల అరలో ఎలుకలు లేవు. చేతి తొడుగుల అట్టపెట్టెలు ఉన్నాయి. ఒకటి పక్కకు జరిపింది. దాని వెనుక ఇంకొకటి ఉన్నది.

"మేడమ్! ఒక్క ఫోన్ కొడితే నేనే వచ్చి తీసుకొచ్చేవాణ్ణి కదా. మీరిలా వంగితే మీ మోకాళ్లు నన్ను తిట్టిపోస్తాయి."

స్టాప్‌వాచ్ టోపీ సగమే పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తల వెంట్రుకలు పలచబడ్డాయి గాని తొందర తగ్గలేదు. ఆమె చేయి అందుకోబోయాడు. ఆమె అరనే పట్టుకుని లేచింది.

"నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాలే. పెద్దలేరయ్యా?"

"ఏ పెద్దలు మేడమ్?"

"ఈ అరలో ఉండాల్సినవాళ్లు. లేకపోతే ఇప్పుడు చేతి తొడుగులు కూడా పిల్లల్ని పెడుతున్నాయా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

"ఆ పద్ధతి మానేశాం మేడమ్."

"మానేశాం అంటే? ఎవరెవరు?"

"నేనే."

"ఎప్పట్నుంచి?"

"మీరు రిటైరైన ఏడాది నుంచే." అతను టోపీ సర్దుకుంటూ అన్నాడు. "మీరు కోప్పడకుండా వినండి. ఒక్కో జంట ఎప్పుడు పడుతుందా అని కాచుక్కూర్చుంటే ముందు మనకొస్తుంది బీపీ. కమిటీవాళ్లు ఏటా వచ్చి ఎన్ని తరాలు ముందుకెళ్లారు అని అడుగుతారు. 'ఇంకా అమ్మానాన్నలు బతికే ఉన్నారండీ, అందుకని ఆగాం' అని చెప్పనా?"

"చెప్పొచ్చుగా. నేను చెప్పేదాన్ని."

"మీరు చెబితే తలూపుతారు మేడమ్. నేను చెబితే గడువు పెడతారు."

"అందుకని ఏం చేశావ్?"

"బీపీ ఎక్కువున్నవాటిని ఏరి జత చేశాను. తోకకి పట్టీ చుడితే అరనిమిషంలో తెలిసిపోతుంది. చిన్న వయసులోనే తెలిసిపోతుంది. ఎలాగూ స్ట్రోక్ వచ్చేది బీపీ వల్లే కదా, బీపీ పట్టుకుంటే అదీ వెంటే వస్తుందనుకున్నాను."

ఆ మాటలో దాచుకున్నదేమీ లేదు. అదే ఆమెను ఎక్కువ బాధించింది. ఆమె వంశం ఇంకా పూర్తిగా స్థిరపడనిది. ప్రతి తరంలోనూ ఏరుకుంటూ పోతేనే నిలిచేది. ఏరే చేయి మారితే వంశం దారి మారుతుంది. అది తెలియనివాడు కాదు అతను. తెలిసి కూడా, ఎదురుచూడటం అంటే ఏమీ చేయకపోవడమేనని అనుకున్నాడు.

ఆమె ఒక పెట్టె మూత తీసి, అందులోని ఎలుకను తోక మొదట్లో పట్టుకుని ఎత్తి అరచేతి మీద కూర్చోబెట్టుకుంది. గులాబీ కళ్లు, ఒత్తైన బొచ్చు, చేతికి తగులుతున్న గుండె దడ. నిలకడైన నాలుగు కాళ్లు.

"దీని బీపీ ఎంత?"

"రెండొందల ఇరవై పైన. మీ రోజుల్లో కూడా అంత లేదు." అతని గొంతులో కొంచెం గర్వం తొంగిచూసింది.

"ఉప్పునీళ్లు తాగిందా?"

"తాగింది. ఈ వరసలోవన్నీ తాగాయి. పడలేదు. చెప్పానుగా మేడమ్, మేత మారిందని..."

"మేత ఎప్పుడు మారింది?"

"నిరుడు."

"పడటం ఎప్పుడు తగ్గింది?"

అతను పెట్టె మూత అందుకుని, ఉన్న చోటనే మళ్లీ పెట్టాడు.

"అడుగుతున్నా. నిరుటి నుంచేనా?"

"కాదు" అన్నాడు చివరకు. "అంతకు ముందు నుంచే తగ్గుతూ వచ్చాయి. ఒక్కో తరానికీ ఇంకాస్త. మేత మారడం నాకు కలిసొచ్చింది, అంతే. కమిటీకి చెప్పుకోడానికి ఒక ముక్క దొరికింది."

"నాక్కూడా అదే ముక్క వేశావ్."

"మీకు చెప్పాలంటే భయమేసింది మేడమ్."

ఆమె కోపగించుకోవాలి. కోపం రాలేదు. అరచేతిలోని ఎలుక ముఖం కడుక్కుంటున్నది, రెండు ముంగాళ్లతోనూ, ఏ లోపమూ లేకుండా. రక్తపోటు మునుపెన్నడూ లేనంత పెరిగింది. పక్షవాతం మాయమైంది. మేత కారణం కాదు. ఒకటి ఉండి ఇంకొకటి లేదంటే, ఆ రెండూ ఒకే మూటలో దిగివచ్చేవి కావన్నమాట. రక్తపోటు ఒక దారిన వస్తుంది. ఆ పోటుకు మెదడులోని రక్తనాళాలు చిట్లిపోయే బలహీనత ఇంకొక దారిన వస్తుంది. మొదటిది మాత్రమే అందుకున్నవాళ్లు ఉండవచ్చు.

ఆమె ముఖం చూసి అతనికీ అదే తట్టింది. తొందరమనిషి కదా, ఆమెకంటే ముందే గట్టిగా అనేశాడు.

"మేడమ్! రెండూ విడిపోయాయి! కావాలని చేస్తే కూడా ఇంత శుభ్రంగా విడదీయలేం. మీ పాత వంశం పిండాలు మంచులో దాచినవి ఉన్నాయి, వాటిని లేపి వీటితో కలిపి చూస్తే స్ట్రోక్ ఎక్కడ కూర్చుందో వేలు పెట్టి చూపించొచ్చు. అసలు ఎలుకలదాకా ఎందుకు, మీరే ఉన్నారుగా సాక్ష్యం! నేనిక్కడ చేరినప్పట్నుంచీ చూస్తున్నా, బీపీ మాత్రలు మింగుతూనే ఉన్నారు. ఇంతవరకూ చెక్కుచెదర్లేదు!"

పొగడ్త అనుకునే అన్నాడు. ఆమె ఎలుకను పెట్టెలోకి దించి, మూత వేసి, గోడవార ఉన్న ఎత్తు పీట మీద కూర్చున్నది.

"నేను మాత్రలు వేసుకున్నాను. నన్ను లెక్కలో కలపకు" అన్నది.

కాని లెక్క అప్పటికే మొదలైంది. ఆ గదిలో, తెల్లకోటు వేసుకుని, రక్తపోటు పుష్కలంగా ఉండి, ఏనాడూ పడిపోని ప్రాణి ఒకటి పీట మీద కూర్చుని ఉన్నది.

ముప్పై నాలుగేళ్ల వయసులో ఆమెను ఒకాయన పెళ్లి చేసుకుంటానని అడిగాడు. ప్రయోగాల ఫలితాలకు గణాంకాలు కట్టే ఉద్యోగి. వాన రోజుల్లో రెండు గొడుగులు తెచ్చేవాడు, ఒకే గొడుగు కింద నడవడానికి ఆమె ఒప్పుకోదని తెలిసి. ఆమె కాదన్నది. కారణం అడిగితే, లెక్కల మనిషి కదా అని లెక్కలాగానే చెప్పింది: పక్షవాతంతో పోయిన మా అమ్మ, మా మేనమామ, ఆపైన నా రక్తపోటు. నేను పడిపోతే చూసుకోవడానికి మీరు, నా తరువాత పడిపోవడానికి పిల్లలు, ఇదంతా నాకు వద్దు. ఆయన చాలాసేపు ఆలోచించి, "ముగ్గురితో ఏ లెక్కా తేలదండీ" అన్నాడు. ఆమెకు అది బతిమాలుకోవడంగా వినిపించింది. ఆయన చెప్పింది మాత్రం తన వృత్తిలోని మొదటి పాఠం. కొంతకాలానికి వేరే చోటికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు. రెండవ గొడుగు ఆమె గది మూలనే ఉండిపోయింది. ఆ తరువాత కొన్నేళ్లకు అక్క పోయినప్పుడు, ఏడుపు మధ్యలో కూడా, తన నిర్ణయమే సరైనదని ఒక చల్లని తృప్తి కలిగింది. ఆ తృప్తిని పట్టుకునే ఇంతకాలం నడిచింది. ఇవాళ చేయి చాపితే అది అక్కడ లేదు.

"మేడమ్, నీళ్లు తెమ్మంటారా?"

"టైమెంత?"

"ఐదు కావస్తోంది."

ఐదింటికి అమ్మాయి ఆఫీసు వదులుతారు. ఆమె పీట దిగింది.

"మేడమ్, ఈ వరసంతా ఒకసారి చూసి చెబితే..."

"నువ్వు చూడు. ఒక్కొక్కదాన్నీ బయటికి తీసి, బల్ల మీద వదిలి, నడిపించి చూడు. తోకలు కాదు, కాళ్లు. తొందరపడకు."

లోపలికి ఫోన్లు తీసుకురాకూడదు. ఆమె ఫోను బయటి గది బీరువాలో ఉన్నది. మళ్లీ రెండు తలుపుల నడుమ నిలబడింది. దీపం ఎర్రగానే ఉన్నది. ఈ దీపం ఇంత సేపు తీసుకుంటుందని ఆమె ఎన్నడూ గమనించలేదు. ఎందుకంటే, ఇంతకు ముందు ఎన్నడూ అవతల ఆమె తొందరపడి చేరుకోవలసిన మనిషి ఎవరూ లేరు.

బయటికి వచ్చి, టోపీ తీయకుండానే ఫోను చేసింది. కిటికీ అవతల వీధిలో జనం ఇళ్లకు మళ్లుతున్నారు.

"పిన్నీ? నువ్వు ఫోన్ చేశావేంటి! ఇల్లు కాలిపోయిందా ఏంటి?"

"ఎక్కడున్నావ్ అమ్మాయ్?"

"కాఫీ షాపులో. అతనూ వచ్చాడు. కౌంటర్ దగ్గర లైన్లో నిల్చున్నాడు. పాపం, ఏం వినబోతున్నాడో తెలీక నాకు కేక్ కూడా కొంటున్నాడు."

"చెప్పావా?"

"ఇంకా లేదు. కేక్ తిన్నాక చెప్పనా, ముందే చెప్పనా అని ఆలోచిస్తున్నా. నువ్వెలా చెప్పావ్ అప్పట్లో?"

"చెప్పకు."

అవతల కప్పుల చప్పుడు, ఎవరిదో నవ్వు. అమ్మాయి గొంతులోని వేళాకోళం పోయింది.

"ఏమైంది పిన్నీ?"

"బీపీ ఉందని వద్దనాలనుకుంటే, అలా చెప్పకు. బీపీ ఉన్నంత మాత్రాన రెండోదీ ఉన్నట్టు కాదు. రెండూ విడివిడిగా దిగొస్తాయి. మీ అమ్మకి రెండూ వచ్చి ఉండొచ్చు. నీకు ఒకటే వచ్చి ఉండొచ్చు. లేదని చెప్పలేను. కానీ ఉందని చెప్పడానికి బీపీ సాక్ష్యం కాదు."

"పొద్దున చెప్పలేదే ఈ మాట?"

"పొద్దున నాకు తెలీదు."

"ఎలుకలకి చెప్పే పాఠం నాకు చెప్తున్నావా?"

"ఎలుకలు నాకు చెప్పిన పాఠం చెప్తున్నాను."

అమ్మాయి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. వంతెనలు కట్టే పిల్ల. బరువు ఎక్కడ పడుతుందో వెంటనే కనిపెడుతుంది.

"అయితే పిన్నీ... నువ్వు ఆయన్ని కాదన్నది?"

పెద్ద డాక్టరమ్మ కిటికీ అద్దంలో తన టోపీని చూసుకున్నది. తీసి, మడిచి, కోటు జేబులో పెట్టుకున్నది.

"ఊరికే కాదన్నాను అమ్మడూ" అన్నది. "ఇప్పుడు చూస్తే, ఊరికే."

ఆ అమ్మాయి ఓదార్చబోకుండా ఉన్నందుకు ఆమె మనసులో కృతజ్ఞత చెప్పుకుంది. ఎవరితోనూ అనని మాట ఒకటి ఇంకొకరి చెవిలో పడింది. పడినందుకు ఆకాశం ఊడి పడలేదు. ఆ వీధి, ఆ జనం అలాగే ఉన్నారు. ఇంతకాలం ఈ మాట మోయడానికి తాను ఒక్కతే ఉండవలసిన అవసరం కూడా లేదేమోనని మొదటిసారి అనిపించింది.

"మరి నేనేం చెప్పను అతనికి?" అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది.

"అది నీ ఇష్టం. అతను నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. నచ్చితే కేక్ తిను."

"నచ్చాడు పిన్నీ. అదే కదా నా గోల."

సరిగ్గా అప్పుడు వెనుక టకటకమని అద్దం మోగింది. పెద్ద డాక్టరమ్మ తిరిగి చూసింది.

బయటి తలుపులో ఒక చదరపు అద్దమున్నది. దాని అవతల, రెండు తలుపుల నడుమ, స్టాప్‌వాచ్ నిలబడి ఉన్నాడు. లోపలి తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. అతని తల పక్కన దీపం ఎర్రగా ఉన్నది. అది పచ్చబడేవరకు అతను బయటికి రాలేడు, ఆమె లోపలికి పోలేదు. అతను ఏదో అరుస్తున్నాడు. మాట ఇటు వినిపించడం లేదు. వినిపించడం లేదని అతనికీ తెలిసింది. నోరు మూసుకుని, కళ్లు ఆమె మీదనే నిలిపి, తన ఎడమ చేతిని ఛాతీ దాకా ఎత్తాడు. మణికట్టు వంచాడు. వేళ్లు వదులుగా వేలాడేశాడు.

క్యాంటీనులో ఆ చేయి ఎత్తినప్పుడు అందరూ విరగబడి నవ్వేవారు. ఇప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు. కుడి చేతి వేలితో వెనుకనున్న ఎలుకల గదిని చూపిస్తూ, చేతిని దించాడు. మళ్లీ ఎత్తాడు.

"పిన్నీ? ఉన్నావా? అతను ట్రే పట్టుకుని వచ్చేస్తున్నాడు." ఫోనులో అమ్మాయి ఊపిరి చెవి పక్కనే వినిపిస్తున్నది. "ఒక్క మాట చెప్పు చాలు. నువ్వు ఇందాక అన్నది ఖాయమేనా?"